కుడి పక్క బొమ్మ

మేడమ్ గారి వీడియో గేమ్ మెషిన్‌ను కొల్లేరు గట్టు మీది చేపల చెరువు షెడ్డులోంచి వట్లూరులోని మా ఇంటికి తెచ్చిన రోజు, దాని మీద, లోపల ఏమేం ఉన్నాయో నోటుబుక్కులో రాసుకున్నాను. రెండు పక్కలా అడుగు నుంచి పై అంచు దాకా ఆకుపచ్చ ఎనామిల్. దాని మీద చేపల మేత దుమ్ము, వేలితో గీస్తే గీత పడేంత. ఎడమ కింది మూల ప్లైవుడ్ పొరలు విచ్చుకుని నాలుగు అంగుళాలు. వెనక తలుపు లేదు. లోపల సగం సున్నం బస్తా, చిరిగిన వల ఒకటి, పిల్లి పడుకున్న గుర్తు. ముందువైపు జాయ్‌స్టిక్ రంధ్రాలు కనబడకపోతే, ఒకప్పుడు కుర్రాళ్లు నిలబడి ఆడుకున్న మెషిన్ అదని ఎవరూ అనుకోరు. చాలా ఏళ్లుగా చెరువు కాపలావాళ్లకు అది మందుల సీసాలు పెట్టుకునే బీరువా.

నేను దెందులూరు దగ్గర, చేపల చెరువుల్లో నీటిని చిలికే ఏరేటర్లకు మోటార్లు తయారుచేసే యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను. రోజంతా కొలవడం, రాయడం, సరిగా లేనిదాన్ని వెనక్కి పంపడం. సెలవుల్లో పాత రేడియోలు బాగుచేస్తాను. మేడమ్ ఏలూరులో నాకు మూడేళ్లు సైన్స్ చెప్పారు. ఆ నెలాఖరుకు ఆవిడ రిటైరవుతున్నారు. వీడ్కోలు రోజున స్కూలు హాల్లో ఆ మెషిన్ పెట్టి పిల్లల చేత ఆడించాలని ఉందని, లోపలి సంగతి తన భర్త చూసుకుంటారని, పైన రంగు సంగతి నన్ను చూడమని ఫోన్ చేశారు. కొత్త స్టిక్కర్ ప్రింట్ చేయించి అతికించేస్తే సరిపోతుందని నేను అన్నాను. ఆవిడ వద్దన్నారు. ఆకుపచ్చ రంగు కింద చేత్తో వేసిన బొమ్మ ఉంది, అదే కావాలన్నారు. ఎందుకు కావాలో మాత్రం, గట్టు మీద మెషిన్‌ను ట్రక్కు ఆటోలోకి ఎక్కిస్తున్నప్పుడు చెప్పారు.

పెళ్లయిన కొత్తలో వాళ్లు తాడేపల్లిగూడెంలో ఉండేవారు. సార్ అక్కడ బస్టాండు దగ్గర వీడియో గేముల షాపు పెట్టారు. సార్ అంటే మేడమ్ భర్త. ఆయన్ని నేను అలాగే పిలుస్తాను. మద్రాసు నుంచి వచ్చిన మెషిన్ ఒట్టి ప్లైవుడ్ పెట్టె. బొమ్మలుంటేనే జనం వస్తారని, సినిమా బ్యానర్లు వేసే పెయింటర్‌ను పిలిచారు. ఆ పెయింటర్ ఆ ఆటను ఎప్పుడూ చూడలేదు. మెషిన్ ఇంకా బిగించలేదు కాబట్టి చూపించడానికీ లేదు. పైనుంచి వరసలు వరసలుగా దిగుతుంటాయి, కిందనుంచి ఒకడు కొడుతుంటాడు, అని సార్ నోటితో చెప్పారు. పెయింటర్‌ది కొల్లేరు పక్క ఊరు. వరసలుగా దిగేవంటే ఆయనకు తెలిసినవి కొల్లేటి నీళ్ల మీద వాలే గూడబాతులే. ఎడమ పక్కంతా అవే వేశాడు. కుడి పక్క, ఆటలో ఎక్కడా లేని పైలట్‌ను వేశాడు. హెల్మెట్ పెట్టుకుని, తుపాకీ పట్టుకున్న అమ్మాయి.

ఆ ముఖం కౌంటర్లో కూర్చునే కొత్త పెళ్లికూతురిదేనని షాపుకొచ్చినవాళ్లంతా అన్నారు. కాలేజీ కుర్రాళ్లు ‘పైలట్ గారూ’ అని పిలవడం మొదలుపెట్టారు. పది రోజులకు ఆ మాట మేడమ్ మామగారి దాకా వెళ్లింది. ఆయన చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక షాపుకొచ్చి చూశారు. చర్చి కిటికీలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బా తెప్పించి, సాయంత్రానికి పూయించేశారు. ఒక పక్కే పూస్తే ఏదో దాచినట్టు ఉంటుందని రెండో పక్క కూడా. షాపు మూతపడ్డాక మెషిన్ చెరువు షెడ్డుకు చేరింది.

“ఆ పది రోజులూ నేను అటు తల తిప్పలేదురా,” అన్నారు మేడమ్. “అందరూ చూశారు. నేనే చూడలేదు. సిగ్గేసేది. ఎవరూ లేనప్పుడు చూద్దాంలే అనుకున్నాను. ఎవరూ లేకుండా ఉండేది ఎప్పుడు?”

సార్‌ను అడిగితే తెలుస్తుంది కదండీ అన్నాను. సార్ అక్కడే ఆటోకు తాడు బిగిస్తున్నారు.

“నన్నడిగితే ఏం చెప్తానయ్యా. పిక్చర్ ట్యూబు రోజుకో రకంగా ఊగేది. నేను దాన్నే చూసుకునేవాణ్ణి.”

“విన్నావా,” అన్నారు మేడమ్. “ముప్ఫై ఏళ్లు దాటింది, ఇదే జవాబు. అది నేనో కాదో నా కళ్లతో ఒక్కసారి చూడాలి. అంతేరా.”

ఆకుపచ్చ రంగు తీయడం నేను భయపడినంత కష్టం కాలేదు. పెయింటర్ తన బొమ్మ మీద వార్నిష్ వేశాడు. సంఘ పెద్ద గారు పిలిపించిన మనిషి ఉప్పు కాగితం కొట్టకుండానే ఆ నున్నటి వార్నిష్ మీద ఎనామిల్ పూసేశాడు. అందుకని అది గట్టిగా పట్టుకోలేదు. హీట్ గన్‌తో కాస్త వెచ్చబెట్టి ప్లాస్టిక్ పట్టీ అంచు పెడితే పెచ్చులుగా లేచి వచ్చింది. నేను రెండు పక్క పలకలనూ సుద్దముక్కతో పది సెంటీమీటర్ల గళ్లుగా విడగొట్టి, వరస అంకె ముందు, నిలువు అంకె తర్వాత వచ్చేలా ఒక్కో గడికి నంబరు వేశాను. ఎడమ పక్క కింది మూలలో, ఎవరికీ కనబడని చోట పరీక్ష చేశాను. అది బాగా వచ్చాక పద్ధతిని కాగితం మీద రాసి మా పెరట్లోని షెడ్డు గోడకు అతికించాను. ఒకటి, వెచ్చబెట్టడం. రెండు, ఆకుపచ్చ పెచ్చులు తీయడం. మూడు, పాత వార్నిష్‌ను స్పిరిట్ దూదితో తీయడం. నాలుగు, ఆరనివ్వడం. ఐదు, గోరువెచ్చటి సబ్బునీళ్ల దూదితో మురికి తుడవడం. ఆరు, మళ్లీ ఆరనివ్వడం. ఏడు, ఫోటో.

ఫోటో ఏడోదిగా ఎందుకు పెట్టానంటే, అంతకు ముందు తీయడానికి ఏమీ ఉండేది కాదు. ముదిరిపోయిన వార్నిష్ కింద పక్షులు టీ మరకల్లా కనబడేవి. కడిగాకే తెల్లరెక్కలు, పసుపు ముక్కులు, ముక్కు కింద సంచులు బయటపడేవి. గూడబాతుల వరసలు మొత్తం తొమ్మిది. వాటి కింద, నీళ్ల మీద, దోనె ఆకారంలో ఒక రాకెట్. రాకెట్‌కు తెడ్డు కూడా వేశాడు.

ఎడమ పక్క పూర్తయ్యాక ఒక ఆదివారం మేడమ్, సార్ చర్చి నుంచి నేరుగా వచ్చి చూశారు. ఇవి కొంగలా అన్నారు సార్. ముక్కు చూడండి, కొంగకు ఆ సంచి ఉంటుందా అన్నారు మేడమ్. రాకెట్ దగ్గర వంగి, తెడ్డు చూసి చాలాసేపు నవ్వారు. వెళ్లేముందు మాత్రం కుడి పక్కకు ఒకసారి నడిచి, ఆకుపచ్చ పలక ముందు నిలబడి, ముఖం ఏ గడిలో వస్తుందని అడిగారు. పైనుంచి మూడు, నాలుగు వరసల్లో ఉండొచ్చన్నాను. ఆవిడ ఆ చోటు మీద అరచెయ్యి పెట్టి తీసేశారు. అప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

అందుకే ముఖాన్ని చివరికి ఉంచాను. ముందు బూట్లు చేశాను, తర్వాత తుపాకీ, తర్వాత చేతులు, భుజాలు, హెల్మెట్ చుట్టూ ఆకాశం. ఒక్క చోట కూడా తేడా రాలేదు. గడి తర్వాత గడి అదే పద్ధతి, అదే ఫలితం. ఒక బ్యాచ్‌లో వరసగా యాభై మోటార్లు సరిగా వస్తే యాభై ఒకటోదాన్ని చూసే చెయ్యి కొంచెం తేలికపడుతుంది. నాకు ఆ సంగతి ఉద్యోగంలో తెలుసు. షెడ్డులో గుర్తుకు రాలేదు.

ముఖం చేయడానికి పెట్టుకున్న ఆదివారం పొద్దున అమ్మా నాన్నా ద్వారకా తిరుమల వెళ్లారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ముఖం నాలుగు గళ్లలో ఉంది. ముప్ఫై నాలుగు, ముప్ఫై ఐదు, నలభై నాలుగు, నలభై ఐదు. ఒక్కో గడీ విడిగా చేస్తే ముఖం మధ్యలో అడ్డంగా, నిలువుగా గీత పడొచ్చు. ఆ భయంతో నాలుగూ కలిపి ఒకేసారి చేయాలని నిర్ణయించుకున్నాను. ఆకుపచ్చ సులువుగానే లేచింది. స్పిరిట్‌తో వార్నిష్ తీశాను. దూది తేనె రంగుతో వచ్చింది, పక్షుల మీద వచ్చినట్టే. ముఖం బయటపడింది. ఆరడానికి పదిహేను నిమిషాలు ఇచ్చాను. స్టూలు మీద కూర్చుని నోటుబుక్కులో రాయాల్సినవి రాశాను. ఫోన్ లోపల గదిలో చార్జింగ్‌లో ఉంది. వెళ్లి తెచ్చి ఒక ఫోటో తీయొచ్చు. ఫోటో ఏడోది. నేను నాలుగులో ఉన్నాను.

తర్వాత సబ్బునీళ్లు. నాలుగు గళ్లూ ఒకే సమయంలో నానాలని ముందు మొత్తం తడిపాను. మొదటి దూది గోధుమరంగులో వచ్చింది. మురికి అనుకున్నాను. రెండోది ఇటుక రంగులో వచ్చింది. వార్నిష్ కింద, ఆకుపచ్చ కింద, గాలి కూడా దూరని చోట ఇంత మురికి ఎలా చేరిందని అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. గడికి మూడు దూదులు అని రాసుకున్నాను, మూడోది తీసుకున్నాను. అప్పుడు ఎడమ కనుబొమ్మ కదిలింది. కదిలి, కంటి పక్కనుంచి చెంప మీదికి జారింది. నేను తువ్వాలు తెచ్చి అద్దాను, నీరు పీల్చేస్తే ఆగుతుందని. ఇంకా ఏం మిగిలిందో అది తువ్వాలుకు వచ్చేసింది.

హెల్మెట్ చెక్కుచెదరలేదు. హెల్మెట్ లోపల, కోడిగుడ్డు ఆకారంలో, రంగుకు ముందు పలక మీద పూసిన తెల్లటి లప్పం.

అమ్మ వచ్చి ప్రసాదం చేతిలో పెట్టి, నీ ముఖం అలా ఉందేమిట్రా అంటే, రంగు వాసనకు తలనొప్పి అన్నాను. వాడిన దూదుల్ని పాలిథిన్ సంచిలో వేసి గడి నంబర్లు రాసి ఉంచాను. ఎందుకు ఉంచానో ఇప్పటికీ చెప్పలేను. వాటినుంచి ఏదీ తిరిగి రాదు.

సోమవారం మేడమ్ ఫోన్ చేశారు. కుడి పక్క మొదలుపెట్టావా అంటే మొదలుపెట్టానన్నాను. ముఖం దాకా వచ్చావా అంటే, వార్నిష్ గట్టిగా ఉందండీ, టైము పడుతుంది అన్నాను. తొందరేం లేదు నాన్నా, గీతలు పడకుండా చూడు అన్నారు. ఆ మెత్తదనం నన్ను ఇంకా కుదేలు చేసింది. ఆ రోజు యూనిట్‌లో, కొలతలన్నీ హద్దులోనే ఉన్న ఒక బ్యాచ్ మొత్తాన్ని వెనక్కి పంపించాను. సూపర్‌వైజర్ వచ్చి చూసి, ఏవండీ, ఇవాళ మీ కళ్లకేమైందండీ అన్నాడు.

పెయింటర్ బతికే ఉన్నాడా, ఉంటే ఎక్కడ అని సార్‌కు ఫోన్ చేసి అడిగాను. రంగుల పేర్లు తెలుసుకోవడానికి అని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్‌కు వెళ్లే దారిలో కొడుకు ఫ్లెక్సీ షాపు ఉందని, అక్కడే కూర్చుంటాడని సార్ చెప్పారు. మంగళవారం సెలవు పెట్టి ప్యాసింజర్ ఎక్కాను.

షాపులో ప్రింటరు నుంచి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ బయటికొస్తోంది. పెయింటర్ గారు దాని పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒక స్కూటర్ నంబరు ప్లేటు మీద అంకెలు వేస్తున్నారు. చెయ్యి వణకడం లేదు. నేను సంగతంతా చెప్పి, ఫోన్లో తెల్లటి గుడ్డు ఫోటో చూపించాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

“నీళ్లు పెట్టారా బాబూ? గోరువెచ్చటివి కూడానా? ఇంకెక్కడుంటుందండీ.”

మిగతా బొమ్మంతా అవే నీళ్లకు నిలబడిందని చెప్పాను.

“మిగతాది ఎనామిలండీ. ముఖానికి మేం ఎనామిల్ వాడం. అది మెరుస్తుంది. ముఖం మెరిస్తే జబ్బు చేసినట్టుంటుంది. ముఖం వరకు పొడి రంగే, వజ్రం కాచి కలిపి వేసేది. బ్యానర్లన్నీ అలాగే. పైన వార్నిష్ ఒక చెయ్యి. వార్నిష్ ఉన్నన్నాళ్లూ వానకి కూడా ఏం కాదండీ.”

వజ్రమంటే వడ్రంగులు వాడే జిగురు. వేడి నీళ్లలో కరిగిస్తారు, వేడి నీళ్లలోనే కరిగిపోతుంది. ఒక్క బొమ్మలో రెండు రకాల రంగు ఉంటుందని నా కాగితం మీద ఏ అంకె కిందా లేదు. ఎడమ పక్కన పరీక్ష చేశాను. ఎడమ పక్కన ముఖాలు లేవు, పక్షులే.

ఆ ముఖం ఎవరిదో గుర్తుందా అండీ అని అడిగాను. దీనికోసం కూడా వచ్చాను.

“ముప్ఫై ఏళ్ల నాటి మాట. ముఖం కావలిస్తే ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద ఒక కన్ను వేసేవాళ్లం. కళ్లొకరివి, ముక్కొకరిది. కౌంటర్లో అమ్మాయి అంటారా? అయ్యుండొచ్చు. కాదని నేనెలా అంటాను?” నంబరు ప్లేటు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నా వైపు తిరిగారు. “ఆ అమ్మాయి ఫోటో ఏమన్నా ఉందా మీ దగ్గర?”

ఉంది. షాపు ప్రారంభం రోజున తీసిన గ్రూపు ఫోటోను, రంగులు పోల్చుకోవడానికి మేడమ్ ఇదివరకే నాకు పంపారు. అందులో మెషిన్ ఎడమ పక్క అంచు మాత్రమే పడింది. చివరలో, రిబ్బను పక్కన, తల వంచుకుని ఆవిడ. పెయింటర్ గారు ఫోన్ తీసుకుని వేళ్లతో పెద్దది చేసి చూశారు.

“సరిపోతుంది. గురువారం వస్తాను. పొడి రంగులు నా దగ్గర ఇంకా ఉన్నాయి. అదే చెయ్యి, అదే రంగు. వేసి, వార్నిష్ కొట్టేస్తే ఆవిడకేం తెలుస్తుందండీ? నేనే వేశాను కదా, దొంగబొమ్మేం కాదు.”

సరేనండీ అన్నాను. రావలసిన అడ్రసు కూడా రాసి ఇచ్చాను.

తిరుగు రైల్లో నోటుబుక్కు తీసి, పేజీ మధ్యలో గీత గీసి, వేయిస్తే ఒక పక్క, వేయించకపోతే ఒక పక్క రాశాను. వేయిస్తే పక్కన ఆరు వచ్చాయి. వీడ్కోలు రోజుకు మెషిన్ పూర్తవుతుంది. ఆవిడ సంతోషిస్తారు. అదే పెయింటర్, అదే పద్ధతి. తుడిచేసిన సంగతి నాకూ ఆయనకూ తప్ప తెలియదు. అసలు ముఖం కూడా ఆవిడదే అయ్యుండొచ్చు. ఎవరికీ నష్టం లేదు. రెండో పక్కన ఒక్కటే వచ్చింది. ఆవిడ అడిగింది ముఖం కాదు, అది తనో కాదో. ఫోటో చూసి వేసిన బొమ్మ అవుననే చెబుతుంది, ఇంకోలా చెప్పడానికి లేదు.

ఆరు ఒకటి కంటే ఎక్కువ. గురువారం దాకా ఆగితే పెయింటర్ గారు వస్తారు, నేను టీ తెచ్చి ఇస్తాను, పని జరిగిపోతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అందుకే ఏలూరు స్టేషన్‌లో దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా మేడమ్ ఇంటికి ఆటో ఎక్కాను. దారిలో రెండుసార్లు ఆటో ఆపమని నోటి దాకా వచ్చింది.

మేడమ్ అప్పుడే స్కూలు నుంచి వచ్చారు. చేతిలో తాళాల గుత్తి ఇంకా ఉంది.

“మేడమ్, ముఖం పోయిందండీ,” అన్నాను, గుమ్మంలోనే నిలబడి.

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. గీత పడిందా అన్నారు. లేదండీ, మొత్తం పోయింది, ఆదివారం నేనే తుడిచేశాను, నిన్న మీకు అబద్ధం చెప్పాను అన్నాను. సబ్బునీళ్లు, పొడి రంగు, వజ్రం, అన్నీ వరసగా చెప్పాను. ఆవిడ క్లాసులో వినేటట్టే విన్నారు, మధ్యలో ఆపకుండా. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

“ముందు పరీక్ష చేసి చూడలేదూ?”

“ఎడమ పక్క మూలలో చేశానండీ.”

“ముఖం మీద?”

“లేదండీ.”

“ఫోటో?”

“కడిగాక తీద్దామనుకున్నానండీ.”

తాళాల గుత్తిని బల్ల మీద పెట్టారు. గూడెం వెళ్లిన సంగతి కూడా చెప్పేశాను. గురువారం పెయింటర్ గారు వస్తానన్నారని, గ్రూపు ఫోటో చూసి మళ్లీ వేస్తానన్నారని, నేను సరేనన్నానని.

“చెప్పకుండా వేయించేసి ఉంటే నాకు తెలిసేదా?”

“తెలిసేది కాదండీ.”

“చూసి, అవును నేనే, అనుకుని ఉండేదాన్ని.”

“అవునండీ.”

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. కోప్పడితే బాగుండుననిపించింది. లోపలి గదిలో సార్ మెషిన్ సర్క్యూట్ బోర్డు ముందేసుకుని ఏదో అతుకుతున్నారు. రేడియోలో వార్తలు సన్నగా వినబడుతున్నాయి.

“అయితే ఇప్పుడు ఆ ముఖం చూసినవాడివి నువ్వొక్కడివే,” అన్నారు చివరికి. “చెప్పు. ఎలా ఉంది? నాలాగా ఉందా?”

ఆదివారం నుంచి నేను భయపడుతున్న ప్రశ్న ఇదే. పదిహేను నిమిషాలు ఆ ముఖానికి అడుగు దూరంలో కూర్చున్నాను. కానీ ముఖం చూడలేదు. పగుళ్లు ఎటు వెళుతున్నాయో చూశాను. స్పిరిట్ ఎక్కడ ఆరిందో, ఎక్కడ ఇంకా తడిగా ఉందో చూశాను. ఎంత గుర్తు చేసుకున్నా నా కళ్ల ముందుకు వచ్చేది దూదే. అదే చెప్పాను. రాసుకున్నది ఉందండీ, అంతకు మించి ఏమీ లేదు, అన్నాను. చదవమన్నారు.

నిలబడే చదివాను. “గడి ముప్ఫై నాలుగు. నుదురు. పగుళ్లు సన్నం, పైనుంచి కిందికి. కుడి కనుబొమ్మ ఎడమదానికంటే మందం. గడి ముప్ఫై ఐదు. హెల్మెట్ అంచు, చెవి సగం. చెవి పైన పసుపు గీత, దాదాపు నాలుగు సెంటీమీటర్లు, ఒక కొస ఎరుపు. బ్రష్ జారినట్టుంది. గడి నలభై నాలుగు. ముక్కు పక్కన రంగు బుడగ…”

“ఆగు. ఆ గీత మళ్లీ చదువు.”

చదివాను.

“పెన్సిల్ పెట్టుకునేదాన్నిరా అక్కడ,” అన్నారు. చెయ్యి తెలియకుండానే చెవి దగ్గరికి వెళ్లింది. “కౌంటర్లో కూర్చున్నంతసేపూ.”

ఆవిడ నా నోటి నుంచి ఏం వినాలనుకుంటున్నారో తెలుసు. “బ్రష్ జారి కూడా ఉండొచ్చండీ,” అన్నాను. “చూసినప్పుడు నాకు అలాగే అనిపించింది. పెన్సిలని నేను చెప్పలేను.”

“నిన్ను చెప్పమనలేదు.”

లోపల రేడియో ఆగింది. సార్ గుమ్మం దాకా వచ్చారు, చేతిలో స్క్రూడ్రైవరు. “పెన్సిలంటే ఆ పసుపుదేనా?” అన్నారు. “రోజూ తీసుకెళ్లి నా స్క్రూల డబ్బాలో పడేసేదానివి.”

“అది గుర్తుందా మీకు?”

“పెన్సిల్ గుర్తుంది,” అన్నారు సార్.

మేడమ్ ఆయన వైపు కాసేపు చూసి, పదండి, బండి తీయండి, వట్లూరు వెళ్దాం అన్నారు.

మేం వెళ్లేసరికి షెడ్డులోకి ఏటవాలుగా ఎండ పడుతోంది. మెషిన్ మీద కప్పిన దుప్పటి తీశాను. కుడి పక్క పూర్తిగా వెలుగులో ఉంది. బూట్లు, తుపాకీ, నీలం ఆకాశం, పెద్ద వెండి రంగు హెల్మెట్, దాని లోపల తెల్లటి ఖాళీ. మేడమ్ దాని ఎదురుగా, నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. ఏడుస్తారేమోనని నేను పక్కనున్న స్పిరిట్ సీసాలు అటూ ఇటూ సర్దాను. ఆవిడ ఏడవలేదు. బొమ్మను పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చూశారు, ఎవరో వస్తారన్న తొందర లేకుండా. తర్వాత, పెయింటర్ గారికి ఫోన్ చేసి గురువారం రావద్దని చెప్పమన్నారు. తెలుపు అలాగే ఉంచి పైన వార్నిష్ వేస్తే ఆగుతుందా అని అడిగారు. ఆగుతుందండీ, ఈసారి ముందు పరీక్ష చేసి చూస్తాను అన్నాను. వీడ్కోలు రోజున దీన్ని గోడ వైపు తిప్పొద్దు, పిల్లలకు రెండు పక్కలూ కనబడాలి అన్నారు. పిల్లలు అడిగితే ఏం చెప్తారో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

“ఏవండీ,” అన్నారు సార్‌తో, హెల్మెట్ వైపు చూపిస్తూ. “నా తల మరీ ఇంత పెద్దదా?”

నా జేబులో కొలత టేపు ఉంది. తీయలేదు. సార్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఆవిడ పక్కకు వచ్చి నిలబడి, బొమ్మను చూడటం మొదలుపెట్టారు. ఆవిడ జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన తొందరపడలేదు.